అత్తగారిని పంపించిన ఏడాది

ఆ లాయంలో పొద్దున్నే వినిపించే మొదటి మాట, "అత్తగారు లేచారా?" అని. రెండో మాట, "లేచి ఎవర్నైనా తన్నారా?" అని. కంగారు పడకండి. అత్తగారంటే గుర్రం. ముదురు గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద సగం చెరిపేసిన సుద్దగీతలా తెల్లమచ్చ. కాగితాల మీద ఆవిడకి బారెడు పేరొకటి ఉండేది గానీ, పోటీల్లో మైకులో చదవడానికి తప్ప అది ఎవరికీ అక్కరకు రాలేదు. దాణా కాస్త ఆలస్యమైతే చెవులు వెనక్కి వాల్చేవారు. తొట్టిని కాలితో దొర్లించేవారు. తీరా పెట్టాక, ముక్కుతో కెలికి, వంక పెట్టి గానీ తినేవారు కారు. ఎవరు ఏం చేసినా నచ్చేది కాదు. ఆవిణ్ణి ఇంకేమని పిలవాలో మీరే చెప్పండి!

పేరు పెట్టింది గుర్రాలను చూసుకునే తాత. పెట్టాక ఒక చిక్కు వచ్చిపడింది. అత్తగారని నోరారా పిలిచి, ఆ నోటితోనే "అది తిన్నది, ఇది తన్నింది" అనడం ఎవరికీ రాలేదు. దాంతో లాయమంతా "అత్తగారు భోంచేశారు, అత్తగారు కొరికారు, అత్తగారు ఇవాళ చిరాగ్గా ఉన్నారు" అనడం అలవాటైపోయింది. మరి ఆవిణ్ణి ఎక్కి స్వారీ చేసే అమ్మాయి ఏమవుతుంది? కోడలు. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, అదంతట అదే అయిపోయింది.

కోడలికి అప్పటికి ముప్పైలు సగం దాటాయి. గుర్రాలెక్కి పోటీలకు వెళ్ళడమే ఆమె బతుకుతెరువు. గుర్రాలు ఊళ్ళోవాళ్ళవి, దెబ్బలు తనవి. పోటీలు లేని రోజుల్లో పిల్లలకు స్వారీ నేర్పేది, కొత్త గుర్రాలను దారికి తెచ్చేది, పెంట ఎత్తేది, జీన్లకు నూనె పూసేది. ఎవరైనా "అబ్బ, ఎంత గొప్ప ఉద్యోగమో" అంటే, చేతిలో ఉన్న పార వాళ్ళ చేతిలో పెట్టేది.

ఆ ఆట సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే మీరు నన్ను తిట్టుకుంటారు. అది మూడు రోజుల పోటీ. ఒకే గుర్రం, ఒకే మనిషి. మొదటిరోజు నల్లకోటు వేసుకుని, ఇసుక పరిచిన ఆవరణలో గుర్రాన్ని పద్ధతిగా నడిపించి చూపాలి. నోరు విప్పకూడదు. గుర్రంతో ఒక్క మాట మాట్లాడినా మార్కులు కోస్తారు. రెండోరోజు గట్లూ వాగులూ పడి దౌడు తీస్తూ దుంగలూ గోతులూ నీళ్ళూ దాటాలి. ఆ దుంగలు భూమిలో పాతేసినవి, అవి పడవు, పడితే మనిషే పడాలి. మూడోరోజు ఒళ్ళు హూనమయ్యాక రంగుకర్రల మీంచి దూకాలి, ఒక్క కర్రా రాలకూడదు. తాత వీటికి పెట్టుకున్న పేర్లు వేరు. మొదటిది పెళ్ళిచూపులు, రెండోది యుద్ధం, మూడోది కాపురం. "మొదటిరోజు నోరు మూసుకో, రెండోరోజు కళ్ళు మూసుకోకు, మూడోరోజు ఏదీ కింద పడెయ్యకు. ఇంతేగదమ్మాయ్, ఇందులో బ్రహ్మవిద్యేముంది?" అనేవాడు. ఆయన జన్మలో ఒక్కసారి గుర్రమెక్కాడు, వెంటనే దిగాడు. అయినా సలహాలకేం లోటు!

ఇక అసలు అత్తయ్య సంగతి. అంటే కోడలి మొగుడి తల్లి, రెండుకాళ్ళ ఆవిడ. సైకిళ్ళ కొట్టు పైన రెండు గదుల ఇల్లు, ముందొక వసారా. ముందుగదిలో కిటికీ పక్కన తొక్కుడు మిషను. అత్తయ్య దాని మీద సగం వీధికి బట్టలు కుట్టి కూతురికి పెళ్ళి చేసి పంపింది, కొడుకును పెంచింది. కొడుకు లిఫ్టు మెకానిక్కు. జనాన్ని పైకి చేర్చడం ఆయన పని, కింద పడకుండా ఉండడం పెళ్ళాం పని అని వీధిలో వేళాకోళం. అత్తయ్య కుడిమోకాలు అప్పటికే పట్టేస్తుండేది. మిషను తొక్కీ తొక్కీ అరిగిపోయిందని డాక్టరు చెప్తే, "అరిగితే అరిగింది, ఊరికే పోలేదుగా" అంది.

ఇంట్లో మాత్రం కోడలు ఆ పేరు ఎత్తేది కాదు. ఎలా ఎత్తుతుంది? లాయంలోకెల్లా మహా గయ్యాళి గుర్రానికి అత్తగారని పేరు పెట్టి, పగలబడి నవ్వుకుంటున్నామని అత్తయ్యకు చెప్పగలదా? అంచేత ఇంట్లో అది వట్టి "గుర్రం". వసారాలోకి వెళ్ళి ఫోనులో మాట్లాడేటప్పుడు మాత్రం "అత్తగారు". గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ వయసులో ఎవరికి గుర్తుంటుంది!

అత్తయ్య ఒక్క పోటీకీ వచ్చి ఎరగదు. "నువ్వు పడ్డం చూడ్డానికి నేను బస్సెక్కి రావాలా? ఎలాగూ ఇంటికొచ్చి కుంటుతావుగా, అది చూస్తాలే" అనేది. కానీ పొద్దున్నే గుమ్మం దగ్గర ఒక తంతు తప్పేది కాదు.

"వెళ్తున్నానత్తయ్యా."

"వెళ్తున్నా అనకు. వెళ్ళొస్తా అను."

"వెళ్ళొస్తా."

"ఆఁ. అదీ."

కోడలు మెట్లు దిగి వీధి మలుపు తిరిగాక గానీ పైన మిషను చప్పుడు మొదలయ్యేది కాదు. అది కోడలికి తెలుసు, తెలిసినట్టు ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడాది మొదట్లోనే అత్తగారి యజమాని లాయానికి వచ్చాడు. ఆయన పళ్ళ డాక్టరు. మంచి మనిషే. పన్ను పీకే ముందు "కొంచెం నొప్పుంటుందమ్మా" అని చెప్పినంత మెత్తగా చెప్పాడు. అత్తగారికి వయసు మీద పడిందట. ముందు కాలి నరం ఇదివరకోసారి దెబ్బతిన్నదట. ఏడాది ఆఖర్న వచ్చే పెద్ద పోటీ నిలబడి పూర్తిచేస్తే ఇంకో ఏడాది కోడలి దగ్గరే ఉంచుతాడట. లేకపోతే ఎక్కడో దూరాన ఉన్న తమ్ముడి పచ్చికబయలుకు పంపించేస్తాడట. "అక్కడ తన ఈడు గుర్రాలు ఇంకొన్ని ఉన్నాయమ్మా, హాయిగా మేస్తుంది" అన్నాడు.

కోడలు తలూపింది. ఆయన కారు గేటు దాటాక వెళ్ళి అత్తగారి మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. మిగతా గుర్రాలు ఆమెకు పని. ఈవిడ అలా కాదు. పన్నెత్తి ఎవరినీ మెచ్చుకోని ఈ ఆడగుర్రమే, ఆమె భయపడిన ప్రతి గట్టునూ ఆమె బదులు ధైర్యం చేసి దాటింది. అలాంటి తోడు దూరమవుతుందంటే కోడలికి ఆ మెడ వదలబుద్ధి కాలేదు. అత్తగారు మాత్రం మెడ విదిలించి, కోడలి జేబులో క్యారెట్టు ఉందేమో వెతికారు.

కలిమిలేములు కావడికుండలంటారు చూశారా, ఆ ఏడు ఆ కావడి కోడలి భుజం మీదే ఊగింది. మొదటి పోటీలో నీటిమడుగు దగ్గర అత్తగారు ఠక్కున ఆగిపోయారు. కోడలు ఆగలేదు. ఆవిడ తల మీంచి ఎగిరి నడుంలోతు బురదలో పడింది. లేచి చూస్తే అత్తగారు గట్టు మీద పొడిగా, శుభ్రంగా నిలబడి, "ఏమ్మా, పొద్దున్నే స్నానం చెయ్యలేదా" అన్నట్టు చూస్తున్నారు. తడిసిన బట్టలతో ఇంటికెళ్తే అత్తయ్య తలుపు తీసి, పైనుంచి కిందిదాకా చూసి, "గెలిచావా?" అంది.

"కిందపడ్డా పైచెయ్యి నాదేనత్తయ్యా."

"నీ చెయ్యి సంగతి తర్వాత. ఆ బూట్లు బయటే విడువు."

రెండో పోటీలో మొదటి బహుమతి వచ్చింది. వెండిరంగు కప్పు ఇచ్చారు. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందులో గుండీలు పోసుకుంది. ఇప్పటికీ ఆ గుండీలు అందులోనే ఉన్నాయి. మూడోదానికి వెళ్తే మైదానమంతా వానకు చెరువైపోయి పోటీయే రద్దయింది. గుర్రాల లారీలో కూర్చుని, అద్దం మీద జారే నీళ్ళు చూస్తూ, తాతా కోడలూ ఫ్లాస్కులో టీ అంతా తాగేసి తిరిగొచ్చారు. ఆ తర్వాత ఇంకో కొత్త గుర్రం, అదీ బుద్ధిమంతుడని పేరు పడ్డ గుర్రం, తుమ్మినట్టుగా ఒక్క గెంతు గెంతి కోడలిని కంచె మీద పడేసింది. భుజం ఎముక విరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారి ముందుకాలు కూడా వేడెక్కి వాచింది. ఇద్దరికీ ఒకేసారి మంచం. అత్తగారికి మంచం లేదనుకోండి, గడ్డిపరుపు.

ఇప్పుడు ఎవరైనా ఆ ఏడాదిలో బాగున్న రోజులేవని అడిగితే, కోడలు కప్పు గెలిచిన రోజు చెప్పదు. భుజం విరిగి ఇంట్లో కూర్చున్న రోజులే చెబుతుంది. చెయ్యి మెడకు వేలాడుతుంటే జడ వేసుకోవడం రాదు. అత్తయ్య ముందు కూర్చోబెట్టి దువ్వేది. "గుర్రం తోక దువ్వడానికున్న ఓపిక నీ నెత్తి దువ్వుకోడానికి లేదే" అని తిడుతూ దువ్వేది. అన్నం కలిపి పెట్టేది. పాత నల్లకోటు మోచేతుల దగ్గర చిరిగిందని కొత్తది కుట్టడం మొదలుపెట్టింది. కిటికీలోంచి ఎండ మిషను మీద పడేది, కింద కొట్లో ఎవరో సైకిలు చక్రం తిప్పుతుండేవారు. కోడలు చాప మీద పడుకుని మిషను చప్పుడు వింటూ కునుకు తీసేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక పగలంతా ఒకచోట ఉన్నది అప్పుడే. ఎముక విరిగితే విరిగింది గానీ, ఆ ఎండ మళ్ళీ రాదని ఆమెకు అప్పుడే తెలుసు.

అలాంటి ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. అత్తగారి కాలు ఇంకా తగ్గలేదు, ఇప్పుడే పంపించేస్తే పోలేదా అని అడిగాడు. కోడలు వసారాలోకి వెళ్ళింది. లోపల అత్తయ్య కోటుకు చేతులు కుడుతోంది. ఆయన మాటలు ఆవిడకు వినపడవు, కోడలి మాటలే వినపడతాయి. అవి ఇవీ:

"అత్తగారి కాలు సంగతి నాకు తెలీదా డాక్టరుగారూ? రోజూ చూస్తున్నదాన్నే కదా... నిజమేనండీ, వయసైపోయింది, మునుపటి ఓపిక లేదు. చిరాకు కూడా ఎక్కువైంది... ఏడాది ఆఖరిదాకా ఆగుదామన్నారు కదా, ఆగండి. అప్పటికీ లాభం లేకపోతే అలాగే పంపించేద్దాం... ఆ చోటు మంచిదేనండీ, కాదన్నానా? తన ఈడువాళ్ళున్నారు, కాలక్షేపంగానే ఉంటుంది... నాకు మాత్రం మనసొప్పుతుందా? కానీ ఎన్నాళ్ళని లాగుతాం!"

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. దారం తెగిందేమో అనుకుంది కోడలు.

దారం కాదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని అత్తయ్య ఆ మాటలన్నీ తన గురించేనని నమ్మేసింది. ఆవిడదేం తప్పు? కాలు నొప్పి ఆవిడకే, వయసూ ఆవిడదే, అవతల ఉన్నదెవరో డాక్టరు. ఇంట్లో అత్తగారన్న మాటకు ఇంకో మనిషి లేదు. ఇదంతా కోడలికి ఏడాది ఆఖర్న గానీ తెలియలేదు. అప్పుడే తెలిసి ఉంటే ఇంత కథ ఎందుకు!

ఆ రోజు నుంచి అత్తయ్య తిట్టడం మానేసింది. బూట్లు లోపల విడిచినా ఏమీ అనలేదు. కోటు గబగబా పూర్తిచేసేసింది. ఎన్నడూ లేనిది కొడుకును వంటగదిలోకి పిలిచి, ఏది ఎక్కడుంటుందో చూపించి, వంట నేర్పడం మొదలుపెట్టింది. ఆ మహానుభావుడు మొదటిరోజే గిన్నె మాడ్చాడు. "నేర్చుకోరా, నేనెన్నాళ్ళుంటాను" అంటే, "ఎక్కడికి పోతావమ్మా" అని నవ్వేశాడు. లిఫ్టు తీగలో ఒక్క పోగు తెగినా చెవితో పట్టేస్తాడు గానీ, తల్లి గొంతులో తేడా వినపడలేదు మరి. కోడలు మాత్రం ఒకసారి అడిగింది, "ఏంటత్తయ్యా, ఈమధ్య నన్ను తిట్టట్లేదు?" అని. "చెయ్యి విరిగినదాన్ని ఏం తిడతాంలే" అంది. చెయ్యి బాగయ్యాకా తిట్టలేదు. గుమ్మం దగ్గర "వెళ్తున్నానత్తయ్యా" అంటే, "మంచిదమ్మా" అని ఊరుకుంది. ఆ "అమ్మా" కోడలి చెవిలో రాయిలా తగిలింది. కానీ పెద్ద పోటీ దగ్గరపడింది. అత్తగారి కాలు చల్లబడింది, పరుగు తిరిగొచ్చింది. కోడలి బుర్రలో ఇంక దేనికీ చోటు లేదు.

పెద్ద పోటీ మొదటిరోజు కోడలు కొత్తకోటు వేసుకుంది. ఒంటికి అతికినట్టు సరిపోయింది. నోరు మూసుకునే ఉంది. అత్తగారు కూడా ఎందుకో ఆరోజు మహా మర్యాదగా నడిచారు. పట్టికలో పేరు పైపైనే ఉంది. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చి, "మీ అత్తాకోడళ్ళు నన్ను ఓడించేట్టున్నారే" అన్నాడు.

రెండోరోజు, యుద్ధం. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఇది తర్వాత అత్తయ్యే చెప్పగా లాయమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ పొద్దున కోడలూ కొడుకూ ఎవరి పనికి వాళ్ళు పోయాక ఆవిడ చిన్నపెట్టె సర్దుకుంది. వాళ్ళు పంపించేలోగా తానే చెల్లెలి ఇంటికి వెళ్ళిపోదామని. బస్సు ఆ మైదానం పక్కనుంచే పోతుంది. పోయేముందు ఈ పిల్ల చేసే పనేమిటో ఒక్కసారి కళ్ళారా చూద్దామనిపించి దిగింది. పెట్టె పట్టుకుని, శాలువా కప్పుకుని, కుంటుతూ జనంలోకి వస్తుంటే తాత గొంతు ఖంగుమంది: "జరగండి, జరగండి! అత్తగారొస్తున్నారు! దారివ్వండి!" జనం రెండుపాయలుగా చీలారు. అత్తయ్య బిత్తరపోయింది. ఇంతమందిలో తనకింత మర్యాదా! ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక, తలూపుకుంటూ ఆ దారిన నడిచింది. ఆవిడ వెనకే అసలు అత్తగారు, మీద కోడలు. కోడలి చూపు మొదటి దుంగ మీదుంది, ముందు నడిచే మనిషి కనపడనే లేదు. పరుగు మొదలయ్యేచోట కట్టిన తాడు దగ్గరికి రాగానే అత్తయ్య పక్కకు తప్పుకుంది, గుర్రం గాలిలా దాటిపోయింది.

ఆ పరుగు గురించి తాత చచ్చేదాకా చెప్పుకున్నాడు. మొదటి గట్టు, జంటదుంగలు, గొయ్యి, ఒకటేమిటి, అత్తగారు అన్నిటినీ చీత్కారంగా దాటారు. కోడలిని ముంచిన నీటిమడుగులాంటిదే ఇక్కడా ఒకటుంది. ఈసారి ఆవిడ ఆగలేదు, నీళ్ళు చీల్చుకుంటూ పోయారు. కోడలు గాల్లో అరిచింది, "అదీ అత్తగారూ!" రెండోరోజు ఎంత అరిచినా మార్కులు పోవు కదా. వాలు ఎక్కారు. ఇంక రెండే దుంగలు. ఆ పైన పరుగు ముగిసే తాడు, తాడు దగ్గర పళ్ళ డాక్టరు.

అప్పుడు తెలిసింది. ముందుకాలు నేలకు తగిలే చప్పుడులో తేడా. ఒక్క అడుగు, ఇంకో అడుగు. చూసేవాళ్ళకు ఏమీ లేదు, చెవులు నిక్కబొడుచుకుని అత్తగారు దౌడు తీస్తూనే ఉన్నారు. కోడలి నడుముకు మాత్రం తెలిసింది, ఆవిడ ఆ కాలి మీద పూర్తి బరువు వెయ్యడం లేదు. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే యుద్ధం గట్టెక్కుతుంది, రేపు రంగుకర్రలు కూడా దాటితే ఇంకో ఏడాది ఈవిడ తనదే. అత్తగారంతట అత్తగారు ఆగరు. కాలు విరిగేదాకా పరిగెత్తే రకం. అందుకే ఆపవలసింది కోడలే. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"చాలు అత్తగారూ," అంది. "ఆగండి. ఇంక చాలు."

పగ్గాలు లాగి, చెయ్యి పైకెత్తింది. చెయ్యెత్తితే పోటీ నుంచి తప్పుకున్నట్టే. దిగి, జీను పట్టీ వదులు చేసి, ఆవిణ్ణి నడిపించుకుంటూ వెనక్కి బయల్దేరింది. జనం గొణుక్కున్నారు. మైకులో ఆ బారెడు పేరు చదివి, విరమించారని చెప్పారు. పశువుల డాక్టరు కాలు తడిమి చూసి, ఇంకో దూకు దూకి ఉంటే నరం తెగేదన్నాడు. పళ్ళ డాక్టరు కోడలి భుజం తట్టాడు. "మంచిపని చేశావమ్మా. కానీ ఇంక పంపించేద్దాం. తనకీ అదే మంచిది" అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి కోడలు వాదించలేకపోయింది.

లారీ మెట్టు మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని భోరుమంది. "అయిపోయింది తాతా. అత్తగారిని పంపించేస్తారు."

వెనకనుంచి గొంతు వినపడింది. "ఏడవకే. ఎవరూ నన్ను పంపించక్కర్లేదు. నేనే వెళ్ళిపోతున్నా."

తలెత్తితే అత్తయ్య. చేతిలో పెట్టె.

"మీరేంటత్తయ్యా ఇక్కడ? ఎక్కడికి?"

"చెల్లెలింటికి. పొమ్మనలేక పొగబెట్టడం దేనికి? ఆవేళ ఫోన్లో డాక్టరుతో అన్నావుగా, అత్తగారి కాలు పోయింది, వయసైపోయింది, పంపించేద్దామని. అంతా విన్నా. కోపం లేదులే. నీకు మాత్రం ఎన్ని పనులని! మరి ఇప్పుడెందుకే ఈ ఏడుపు?"

ముందు అర్థమైంది తాతకే. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓర్నాయనో. అమ్మా, మీరు కాదమ్మా. అత్తగారంటే ఇదిగో, ఈవిడ."

లారీలోంచి ముదురు గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చి, అత్తయ్యను ఎగాదిగా చూసింది.

"ఈ గుర్రానికి నా పేరు పెట్టారా?"

"మీ పేరు కాదత్తయ్యా," అంది కోడలు వెక్కుతూ, "మీ హోదా."

"ఏం చూసి పెట్టారు?"

సరిగ్గా అప్పుడే అత్తగారు చెవులు వెనక్కి వాల్చి, ఎదురుగా ఉన్న నీళ్ళ బక్కెట్టును ముట్టెతో ఒక్క తోపు తోశారు. అది దొర్లుకుంటూ వచ్చి అత్తయ్య కాళ్ళ దగ్గర ఆగింది.

"ఓహో," అంది అత్తయ్య.

మొదట ఎవరు నవ్వారో తెలియదు. నవ్వుతూనే అత్తయ్య మెట్టు మీద కోడలి పక్కన కూర్చుంది, కూర్చుని ఏడ్చింది. కోడలు ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. "ఇన్ని నెలలు కడుపులో పెట్టుకున్నారా? ఒక్కమాట అడగొచ్చుగా అత్తయ్యా!"

"అడిగితే అవునంటావేమోనని," అంది అత్తయ్య.

అత్తగారిని పంపించే రోజు అత్తయ్య కూడా లాయానికి వచ్చింది. పెద్దలారీ గేటు దగ్గర నిలబడి ఉంది. కోడలు అత్తగారి జూలు దువ్వి, కాళ్ళకు మెత్తటి పట్టీలు కట్టి, చేసేదేం లేక మళ్ళీ దువ్వింది. అత్తయ్య కుంటుతూ గుర్రం దగ్గరికెళ్ళింది. కొరుకుతారమ్మా అని తాత అరుస్తూనే ఉన్నాడు. "కొరికితే కొరకనీ. మా కోడలికి అత్తంటే నాకు అక్కయ్యేగా" అంది. అని, ఆ నుదుటి మీద తెల్లమచ్చను అరచేత్తో రాసింది. "నిన్ను పంపించేస్తారన్న కబురు నాదనుకుని మోశానక్కయ్యా ఇన్నాళ్ళూ. ఎలా ఉంటుందో నాకు తెలుసు. భయపడకు. వెళ్తున్నా అనకు, వెళ్ళొస్తా అను."

అత్తగారు కొరకలేదు. శాలువా కొస పళ్ళతో పట్టుకుని వదల్లేదు. లాగితే చిరుగుతుందని కోడలు కంగారుపడింది. అత్తయ్య శాలువా భుజం మీంచి తీసి అలాగే వదిలేసింది. "ఉంచుకోనీవే. అక్కడ చలెక్కువేమో." ఆ శాలువా లారీతో పాటే వెళ్ళిపోయింది. దుమ్ము అణిగేదాకా అత్తాకోడళ్ళు గేటు దగ్గరే నిలబడ్డారు. ఇంటికొచ్చాక కోడలు మరిచిపోయి బూట్లు లోపల విడిస్తే, "ఇదేమన్నా లాయమనుకున్నావటే?" అని అత్తయ్య గట్టిగా తిట్టింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కొన్నేళ్ళు, పోటీల కాలం ముగియగానే ఇద్దరూ బస్సెక్కి ఆ పచ్చికకు వెళ్ళొచ్చేవారు. అత్తగారు కంచె దగ్గరికి వచ్చి, క్యారెట్లు తిని, వంకపెట్టి వెళ్ళిపోయేవారు. ఒక ఏడు ఇంక వెళ్ళే పని లేకపోయింది. తాతా లేడు. కోడలు పోటీలు మానేసి పిల్లలకు నేర్పుతోంది. వాన పడబోతే భుజం ముందే చెబుతుంది. ఆ తర్వాత ఎన్ని గుర్రాలెక్కినా, ఇంకే గుర్రాన్నీ ఆమె "మీరు" అనలేదు.

మొన్న ఆడపడుచు చూడ్డానికొచ్చింది. అత్తయ్యకు మోకాళ్ళు రెండూ పోయాయి. మిషనుకు మోటారు పెట్టించారు, చేత్తో నొక్కితే నడుస్తుంది. కుట్టడానికి పెద్దగా ఏమీ లేదు, పాతవే విప్పి మళ్ళీ కుడుతుంటుంది. ఆడపడుచు కోడలిని వసారాలోకి పిలిచి, మంచిమనసుతోనే, మెల్లగా చెప్పింది. ఊరవతల ఒక చోటుందట. చుట్టూ పచ్చగా ఉంటుందట. అమ్మ ఈడువాళ్ళు చాలామంది ఉన్నారట. "నువ్వూ ఒక్కదానివి ఎన్నాళ్ళని చూస్తావు? పంపించేద్దాం. హాయిగా ఉంటుంది" అంది.

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

ఈసారి కోడలు దారం తెగిందనుకోలేదు. గది వైపు తిరిగి, లోపలికి వినపడేట్టు గట్టిగానే అంది.

"ఒక అత్తగారిని పంపించాను వదినా. ఇంకొకరిని పంపించడం నా వల్లకాదు."

కింద కొట్లో ఎవరో సైకిలు బెల్లు కొట్టి చూస్తున్నారు. కాసేపటికి లోపల మిషను మళ్ళీ మొదలైంది.